ప్రస్తుతము ఏ పుస్తకము చదువుచున్నారు?

(సంఘ వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగము)



ఢిల్లీలో ఇద్దరు తెలుగువారు కలిసినచో మొదట ఊరి పేరు అడుగుదురు. పిమ్మట ఏ మంత్రిత్వశాఖ, ఏ తరగతి క్వార్టరు, పిల్లలెందరు, పండుగకు రైలులో బెర్తు దొరికినదా అను ప్రశ్నలు వరుసగా వచ్చును. కరువుభత్యమును గూర్చి మాటాడుటకు అరగంట చాలదు. “ఈ మధ్య ఏమి చదువుతున్నారు?” అని అడుగువారు మాత్రము అరుదు. అడిగినను, ఎదుటివాడు శాఖాపరీక్షకు కూర్చున్నట్లు కంగారు పడును.

ఆ కంగారునకు కారణము కలదు. చదువుచున్న పుస్తకము వేరు, చదువుచున్నట్లు చెప్పుకొనదగిన పుస్తకము వేరు. తలగడ క్రింద అపరాధపరిశోధక నవల యుండును; నోట ఆంధ్రమహాభారతము వెలువడును. అపరాధపరిశోధక నవల చదువుట నేరమేమియు కాదు. దానిని దాచుటవలన గోష్ఠి చెడును. నలుగురు కూడి నాలుగు గొప్ప పేర్లు చెప్పుకొని విడిపోయినచో, ఎవ్వరును మరియొకరి పుస్తకమును అడిగి తీసికొని పోరు.

ఈ నగరమున ఒక ప్రభుత్వ కాలనీలో కొన్ని తెలుగు కుటుంబములు నెలకొక ఆదివారము ఒక్కొక్కరి యింట కూడుకొను అలవాటు చేసికొన్నవి. నియమము ఒక్కటియే. చేతనున్న పుస్తకమును గూర్చియే చెప్పవలెను. సగము చదివినను, నచ్చక మూసివేసినను సరే. ఉపన్యాసము కూడదు. చలికాలమున పచ్చికబయలుపై ఎండలో జంపఖానా పరచుకొని కూర్చుండుటయు, వేరుసెనగకాయలు ఒలుచుకొనుటయు నియమములలో లేకున్నను తప్పక జరుగుచుండును.

అచ్చట ఒక విశ్రాంత సూపరింటెండెంటుగారు నాలుగు నెలలు వరుసగా సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను గూర్చియే చెప్పిరి. 1949లో వెలువడిన ఆ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చెను. తెలుగునకు అదియే మొదటి బహుమతి. దానిని అందుకొనుటకు గ్రంథకర్త లేరు, 1953లోనే గతించిరి. కావ్యములలోని వర్ణనలను జల్లెడపట్టి, పూర్వులు ఏమి తినిరో, ఏమి కట్టిరో, ఏ ఆటలాడిరో తేల్చిన పుస్తకమది. “పరీక్షల కోసం రాజుల యుద్ధాలు బట్టీపట్టాను. జనం తిన్నదేమిటో అరవై దాటాక తెలుస్తోంది” అని ఆయన అనిరి. ఐదవ నెలలో ఆ పుస్తకము వేరొకరి యింటికి పోయినది. నాటినుండి ఆయనకు తిరిగి రాలేదు. ఎరువిచ్చిన పుస్తకము తిరిగిరాకుండుట ఈ లోకమున కొత్తది కాదు. చదువబడుచునే రాకుండుట కొంత నయము.

ఒక గృహిణి శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ చదువుచుండెను. ఆమె తనకొరకు మొదలిడలేదు. అత్తగారికి చూపు మందగించినందున, వంట ముగించి, మధ్యాహ్నవేళ ఆమెకు చదివి వినిపించుచుండెను. అత్తగారిది గోదావరి మండలము, కోడలిది అనంతపురము. కోడలు ఒక మాటను తన సీమ యాసలో పలికినచో, “అలా కాదే అమ్మాయ్, మా వైపు ఇలా అంటారు” అని అత్తగారు సవరించును. మొదట అది తప్పులెన్నుటవలెనే తోచినదట. పోనుపోను ఆ సవరింపు వినుటకే ఆమె రోజు రోజు పుటలు తిరుగవేయసాగెను. గోష్ఠిలో ఆమె చెప్పినది పుస్తకమును గూర్చి నాలుగు మాటలు, అత్తగారిని గూర్చి నలుబది మాటలు. అది నియమమునకు విరుద్ధమని ఎవ్వరును అనలేదు.

ఒక యువ ఉద్యోగి వంతు వచ్చినప్పుడు శరత్ బాబు పేరు చెప్పెను. చక్రపాణి మొదలగువారి అనువాదములు తెలుగింట ఎంతగా ఇమిడిపోయినవనగా, శరత్ తెలుగు రచయితయే అనుకొనుచు పెరిగినవారు కలరు. ఈ యువకుడును ఇరువదేండ్లు వచ్చువరకు అట్లే అనుకొనెను. ఇప్పుడు అతని ప్రక్క బల్ల వంగీయునిది. మధ్యాహ్న విరామమున ఇద్దరును ఒకే నవలను, ఒకరు తెలుగున, ఒకరు వంగమున చదివి, ఏ ఘట్టమున ఎవరికి కంట నీరు వచ్చినదో సరిచూచుకొనుచున్నారట. సచివాలయమున ఇంతకంటె మేలైన ఫైలు నడచుట అరుదు.

పుస్తకమును నలుగురికి అందించుట తెలుగువారికి కొత్తగా నేర్పవలసిన విద్య కాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి కొల్లూరుల నడుమ కాలువపై పడవలో గ్రంథాలయము నడపిరి. ప్రయాణికులు పోవుచునే చదువుకొనిరి. తెలంగాణమున వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకములు మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి. ఇక ఢిల్లీ ఉద్యోగికి పడవతో పనిలేదు. 1891లో కలకత్తాలో పుట్టిన సచివాలయ గ్రంథాలయమే రాజధానితో పాటు ఇచ్చటికి తరలివచ్చినది. దాని ప్రాంతీయ భాషల విభాగమున తెలుగు పుస్తకములును చేర్చబడినవి. ఏండ్ల తరబడి ఆ దారినే నడచి, ఆ సంగతి పదవీవిరమణనాటికి గాని ఎరుగనివారు పెక్కురు.

మరల ఆ గోష్ఠికి వత్తము. ఒక నెలలో ఒక పెద్దమనిషి, విశ్వనాథవారి ‘వేయిపడగలు’ నూరు పుటలు దాటలేకపోయితినని చెప్పెను. ఒకరిద్దరు కనుబొమలు ముడిచిరి. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడవి బాపిరాజుగారి ‘నారాయణరావు’తో బహుమతిని పంచుకొన్న నవల, రచయిత జ్ఞానపీఠ గ్రహీత. అట్టి పుస్తకమును వదలితినని పదుగురిలో చెప్పుటకు ధైర్యము కావలెను. కాని ఆ మాట అనుటవలననే, మూలన కూర్చున్న ఒక కుర్రవాడు నోరు విప్పెను.

అతడు ఒక అండర్ సెక్రటరీగారి కుమారుడు. ఢిల్లీలోనే పుట్టి పెరిగి, ఇంజనీరై, తండ్రి బలవంతముమీద వచ్చినవాడు. తెలుగు మాటాడును; అక్షరము చదువలేడు. “నేను పూర్తిగా చదివానండీ, హిందీలో” అనెను. పి.వి.నరసింహారావుగారు ‘సహస్రఫణ్’ అను పేర చేసిన అనువాదమది. అందరును అతనివైపు తిరిగిరి. తెలుగు చదువగల పెద్దలు వదలిన పుస్తకమును, తెలుగు చదువలేని పిల్లవాడు ముగించినాడు! అతడు కథను చక్కగా చెప్పి, ఒక ప్రశ్న వేసెను: “ధర్మారావు మాటలు అసలు తెలుగులో ఎలా ఉంటాయండీ?”

వెనుక చెప్పిన అనంతపురపు గృహిణి లోనికి పోయి తెలుగు ప్రతి తెచ్చి, ఒక పుట చదివి వినిపించెను. అతడు తల వంచుకొని వినెను. సగము అర్థమైనదనియు, సగము కాలేదనియు నిజము చెప్పెను. పిమ్మట మెల్లగా మరియొక సంగతి బయటపడినది. అతని తాతగారు బ్రతికియున్నంతకాలము మనుమనికి ఉత్తరములు వ్రాయుచుండిరి. తండ్రి వానిని పైపైన చదివి, “తాతయ్య దీవించారురా” అని చెప్పి, పెట్టెలో వేసెడివాడు. ఆఫీసు పనిలో అంతకంటె తీరిక దొరకలేదు. తాతగారు పోయి ఏడేండ్లయినది. కట్ట పెట్టెలోనే యున్నది. “చదివి పెట్టమంటే నాన్న చదువుతారు. కానీ అవి నాకు రాసినవి” అనెను. తండ్రి వేరుసెనగ పొట్టు ఏరుచు ఏమియు మాటాడలేదు.

ఆ మరుసటి వారమునుండి గృహిణి అతనికి అక్షరములు దిద్దించెను. ఇరువదియారేండ్ల ఇంజనీరు గుణింతము వల్లించుట విని ఆమె రెండవ తరగతి కూతురు నవ్వెడిదట. వత్తులు వచ్చుటకు రెండు నెలలు పట్టినది. అచ్చు పుస్తకము కూడబలుకుకొనుట వచ్చిన తరువాతను తాతగారి వ్రాత లొంగలేదు. పాతకాలపు గొలుసుకట్టు, మాటకు మాటకు ఎడము లేదు, కార్డు అంచులవెంట కూడ వ్రాసినారు.

మొన్నటి కూటమిలో అతని వంతు వచ్చినప్పుడు, పుస్తకమునకు బదులు జేబునుండి ఒక కార్డు తీసెను. ప్రస్తుతము చదువుచున్నది ఇదియే అనెను. ధాన్యము ధర, నాయనమ్మ మోకాలినొప్పి, వాన పడుట చదివి, ఒకచోట ఆగిపోయెను. ఆ మాట అతనికే కాదు, అచ్చటి పండితులకును తెలియలేదు. సూపరింటెండెంటుగారు సాంఘిక చరిత్ర అంతయు తలపోసి చూచిరి. గృహిణి అత్తగారు అది తమ వైపు మాట కాదని తేల్చిరి. తుదకు అండర్ సెక్రటరీగారు కండ్లజోడు సవరించుకొని కార్డు అందుకొని, చాలసేపు చూచి, ఊరిలోని అన్నగారికి ఫోను చేసిరి. అది చెరువు క్రింది ఒక చేను పేరట.