బాట మూసినవాడికి రాయితీ ఎందుకు?

(మండల రైతు మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశాన్ని కరపత్రంలో "భూమి పన్ను రాయితీలు" అని వేశారు. అది చూసి భోజనాల దగ్గర ఒక పెద్దాయన అడిగాడు: "మనం పన్నే కట్టం గదా, ఇంక రాయితీ ఏంది?" మంచి ప్రశ్న. ఆయన ప్రశ్నతోనే మొదలుపెడతాను.

మన తాతలు శిస్తు కట్టారు. రసీదులు ట్రంకు పెట్టెల్లో దాచుకున్నారు. ఈరోజు పొలానికి శిస్తు కట్టే పని లేదు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. ఇది ఉండాల్సిందే. పెట్టుబడే తిరిగి రాని పంట మీద పన్నేమిటి? ఈ మినహాయింపు తీసెయ్యాలని అప్పుడప్పుడు పట్నంలో కొందరు మేధావులు రాస్తుంటారు. మన సంఘం దానికి ఒప్పుకోదు. ముందే ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, నా ప్రసంగంలో సగం విని "సంఘం వాళ్లే పన్ను వెయ్యమంటున్నారు" అని ఎవరూ ఊళ్లో ప్రచారం చేయకూడదు.

నా ప్రశ్న వేరే. పన్ను వదులుకోవడం అంటే సర్కారు ఇచ్చే సొమ్ము కిందే లెక్క. చేతికి ఇవ్వకపోయినా ఇచ్చినట్టే. ఆ సొమ్ము రెండెకరాల రైతుకు ఎంత పోతోంది, ఫామ్‌హౌస్ ఆసామికి ఎంత పోతోంది? తీసుకున్నవాడు ఊరికి తిరిగి ఏమిస్తున్నాడు?

ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఒక ఊరుంది. వ్యవహారం కోర్టులో ఉంది కాబట్టి పేరు చెప్పను. అక్కడ ఒకాయన తడవకు కొంత చొప్పున 40 ఎకరాలు కొన్నాడు. దాని వెనక చెరువు వైపు 11 కుటుంబాల పొలాలున్నాయి. వాళ్ల బండ్లు, ఎడ్లు, తర్వాత ట్రాక్టర్లు, తాతల నాటి నుంచి ఆ 40 ఎకరాల నడుమ బాట మీదుగానే పోయేవి. కొన్న ఏడాది ప్రీకాస్ట్ గోడ లేచింది. గేటు పెట్టారు, కానీ తీసే ఉంచారు. రెండో ఏడు వాచ్‌మన్ వచ్చాడు. పుస్తకంలో పేరు రాసి, సంతకం పెట్టి పొమ్మన్నాడు. మనవాళ్లు పెట్టారు, సంతకానికేం పోయిందని. మూడో ఏడు రాత్రి తాళం. రాత్రి కరెంటు వస్తే మోటారు వేయడానికి పోవాలి గదా, గోడ దూకారు. నాలుగో ఏడు, డ్రిప్పు పైపులు పగులుతున్నాయని ట్రాక్టరు వద్దన్నారు. ఐదో ఏడు పగలు కూడా తాళమే. చుట్టూ తిరిగి చెరువు కట్ట మీదుగా పోవాలంటే రెండు కిలోమీటర్ల పైన. ఆ కట్ట మీద హార్వెస్టర్ ఎక్కదు.

హార్వెస్టర్ పోని మడిలో వరి ఎట్లా వేస్తాం? కూలీలతో కోయించి, మోపులు నెత్తిన మోయించాలి. ఆ కూలి లెక్కేస్తే గింజ కూడా మిగలదు. టమాట వేస్తే డీసీఎం రాదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే దించి ఎట్లా తెస్తారు? ఒకాయన మూడు సీజన్లు భూమి బీడు పెట్టాడు. నాలుగో సీజన్‌లో గోడాయన మనిషి ఇంటికొచ్చాడు. "దారి లేని భూమి, మీకెందుకు? మా సారు తీసుకుంటాడు" అన్నాడు. రోడ్డు పక్క పలికే ధరలో సగం కూడా చెప్పలేదు. 11 మందిలో నలుగురు అమ్మేశారు.

ఇది కేవలం దారి తగాదా అనుకుంటే పొరపాటు. బాట మూయడం భూమి చవగ్గా కొనే పద్ధతి.

ఇప్పుడు ఆ 40 ఎకరాల లెక్క చూడండి. కాగితాల మీద అది వ్యవసాయ భూమి, మామిడి మొక్కలున్నాయి. కాబట్టి పంట ఆదాయమని ఏది చూపినా పన్ను లేదు. 2018లో రైతుబంధు మొదలైంది, ఎకరానికి సీజన్‌కు 4 వేలు. 2019 నుంచి 5 వేలు. ఎన్ని ఎకరాలకైనా ఇచ్చారు, పరిమితి పెట్టలేదు. 40 ఎకరాలకు ఏడాదికి 4 లక్షలు. వెనక రెండెకరాల రైతుకు 20 వేలు. కౌలు రైతుకు సున్నా.

అసలు రాయితీ భూమి అమ్మినప్పుడు వస్తుంది. ప్లాటు అమ్మితే, ఫ్లాటు అమ్మితే లాభం మీద పన్ను కట్టాలి. గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మితే అక్కర్లేదు. చట్టం దాన్ని పన్ను లెక్కలో ఆస్తిగానే చూడదు. పది లక్షల పైన జనాభా ఉన్న నగరమైతే దాని హద్దు నుంచి 8 కిలోమీటర్లు దాటి ఉండాలి, చిన్న పట్టణాలకు 6, ఇంకా చిన్నవాటికి 2. ఉదాహరణకు ఎకరం 20 లక్షలకు కొని కోటికి అమ్మాడనుకోండి. 40 ఎకరాల మీద 32 కోట్ల లాభం, పైసా పన్ను లేదు. ఆ కిలోమీటర్లను చట్టం ఆకాశమార్గాన కొలవమంటుంది. పిట్ట ఎగిరే దూరం అన్నమాట. మన రైతు మాత్రం చెరువు కట్ట చుట్టూ నడవాలి!

బిడ్డ పెళ్లికో అప్పు తీర్చడానికో ఎకరం అమ్ముకునే రైతుకు ఈ మినహాయింపు అవసరం. దాన్ని ముట్టుకోవద్దు. కానీ కోట్లలో రాయితీ పొందే ఆసామిని "ఉన్న బాట మూయకు" అని ఒక్క మాటైనా ఎందుకు అడగరు?

అట్లా అడిగిన చోట్లు ఉన్నాయి. అమెరికాలో న్యూహాంప్‌షైర్ అని ఒక చిన్న రాష్ట్రం. అమెరికా మనకెందుకని అనొచ్చు, రెండు నిమిషాలు వినండి. అక్కడ జీతం మీద రాష్ట్రానికి పన్ను లేదు, అమ్మకం పన్ను లేదు. ఊళ్లు నడిచేది ఎక్కువగా భూమి, ఇళ్ల మీద ఏటా వేసే ఆస్తి పన్నుతో. పొలానికీ అడవికీ ప్లాటు ధర కట్టి పన్ను వేస్తే రైతు అమ్ముకోవడం తప్ప గతి లేదు. అందుకని 1973లో చట్టం తెచ్చారు. సాధారణంగా 10 ఎకరాలు, ఆ పైన ఉన్న పొలం, అడవి, ఖాళీ భూమికి దాని వాడకాన్ని బట్టి తక్కువ విలువ కడతారు. దాని పైన ఇంకో 20 శాతం తగ్గింపు ఉంది. అది ఎవరికంటే, ఏడాది పొడవునా జనాన్ని రుసుము లేకుండా తన భూమిలోకి రానిచ్చినవాడికి. నడవడానికి, చేపలు పట్టడానికి, వేటకు, మంచు మీద జారుకుంటూ పోవడానికి. వాహనాలు వద్దనొచ్చు. పంటకు నష్టమైతే ఆపొచ్చు. నడిచేవాడు పడి కాలు విరిగితే భూమి యజమాని మీద కేసు పడకుండా ఇంకో చట్టం కాపాడుతుంది. గేటు మూసుకోవాలంటే మూసుకోవచ్చు, ఎవరూ బలవంతం చేయరు. ఆ 20 శాతం మాత్రం రాదు. రాయితీ పొందిన భూమిని తర్వాత ప్లాట్లు చేస్తే మార్కెట్ విలువలో 10 శాతం ఊరికి కట్టాలి.

విస్కాన్సిన్ అనుభవం కూడా చెప్పాలి, మోసం అక్కడా ఉంది. 1985 నుంచి అక్కడ అడవి పెంచే భూములకు పన్ను రాయితీ. జనానికి తెరిచిన భూమికి తక్కువ పన్ను, మూసిన భూమికి ఎక్కువ. కొందరు ఏం చేశారంటే, చుట్టూ ఇతరుల భూమి ఉండి ఏ రోడ్డూ తగలని ముక్కను "జనానికి తెరిచాం" అని రాయించి రాయితీ తీసుకున్నారు. తెరిచిందే, కానీ ఎగిరి పోవాలి. తర్వాత చట్టం సవరించి, కొత్తగా చేరే భూమికి కాలినడకన చేరే వీలుండాలని షరతు పెట్టారు.

వాళ్లు అడిగేది షికారుకు. మనం అడిగేది మన మడికి పోవడానికి. చెరువుకు, పోచమ్మ గుడికి, స్మశానానికి పోవడానికి. గొల్లకుర్మల మందలు దాటడానికి. ఒకప్పుడు కోత అయ్యాక మందను పొలంలో పడుకోబెడితే, ఎరువు వేసినందుకు రైతే ధాన్యం కొలిచి ఇచ్చేవాడు. ఇప్పుడు మంద గోడ దగ్గర ఆగి, తారు రోడ్డెక్కి లారీల కింద పడుతోంది.

కాబట్టి మహాసభ ముందు పెట్టిన తీర్మానం ఇది. ఐదెకరాల లోపు రైతుకు ఏ షరతూ వద్దు. పదెకరాలు దాటిన ఆసామి రైతు భరోసా తీసుకున్నా, భూమి అమ్మకంలో పన్ను మినహాయింపు పొందినా, నక్షాలో ఉన్న బాట, జనం వాడుతున్న బాట తెరిచి ఉంచినట్టు గ్రామసభ ధృవీకరణ ఉండాలి. కొత్త బాట ఇమ్మని అడగడం లేదు. ఐదుకూ పదికీ మధ్య ఉన్నవాళ్ల సంగతి మీరు చర్చించండి, నాకు పట్టింపు లేదు. అమ్మకం పన్ను ఢిల్లీ చేతిలోది, దానికి చాలాకాలం పడుతుంది. రైతు భరోసా హైదరాబాద్ చేతిలోదే, దానికి రేపే జీవో ఇవ్వొచ్చు.

అంతవరకు ఏం చేయాలి? బాటలన్నీ ఒకటి కావు. గ్రామ నక్షాలో గీత ఉన్న బండ్ల బాట సర్కారుది. దాన్ని అమ్మే హక్కు ఎవరికీ లేదు, కొన్నాననే హక్కూ లేదు. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరిలో చెప్పింది. దరఖాస్తులో ఆ తీర్పు రాయండి. రెండోది, పట్టా భూమి నడుమ నుంచి వాడుకలో ఉన్న బాట. దానికి 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఉంది. ఇరవై ఏళ్లు ఎడతెగకుండా, హక్కుగా నడిస్తే అది హక్కవుతుంది. "హక్కుగా" అన్న మాట గుర్తుపెట్టుకోండి. అనుమతి అడిగి నడిస్తే అది హక్కు కింద రాదు. వాచ్‌మన్ పుస్తకంలో సంతకం ఎందుకు పెట్టించారో ఇప్పుడు అర్థమైందా? కోర్టులో ఆ పుస్తకాన్ని ముందు పెట్టారు, "చూడండి, మమ్మల్ని అడిగే పోయారు" అని. కాబట్టి ఏ గేటు దగ్గరా సంతకం పెట్టొద్దు. చదువుకున్న పిల్లలకు కూడా చెప్పండి.

సివిల్ కోర్టులో ఏళ్లు పడుతుంది. మహారాష్ట్రలో ఇంత కష్టం లేదు. 1906 నాటి మామ్లత్‌దార్ కోర్టుల చట్టం కింద పొలం బాటకు అడ్డం పెడితే తహసీల్దారే విచారించి తీయించొచ్చు. ఆరు నెలల లోపు అర్జీ పెట్టాలి. అసలు దారే లేని రైతుకు, పక్క పొలాల గట్టు వెంట దారి ఇప్పించే అధికారం కూడా 1966 నాటి వాళ్ల రెవెన్యూ కోడ్‌లో 143వ సెక్షన్ ఇచ్చింది. ఆదిలాబాద్ దాటితే ఉన్న చట్టం మనకెందుకు లేదని ఎమ్మెల్యేలను అడగాలి. భూభారతి చట్టంలో రిజిస్ట్రేషన్‌కు భూమి పటం జతచేసే నిబంధన పెట్టారు. ఆ పటంలో బాట గీత కూడా ఉండాలని మన డిమాండ్. ఇప్పటి కాగితంలో ఎకరాలు, గుంటలు ఉంటాయి, బాట ఉండదు. కొన్నవాడు "నా కాగితంలో లేదు" అంటాడు.

ఒక చేదు మాట చెప్పి ముగిస్తాను, కోప్పడొద్దు. అన్ని బాటలూ ఫామ్‌హౌస్ వాళ్లే మూయలేదు. రెండు బండ్లు ఎదురెదురుగా తప్పుకునే బాట మా ఊళ్లో ఇప్పుడు ఒక బండికే చాలదు. అటువైపు రైతు ఏటా ఒక సాలు కలుపుకున్నాడు, ఇటువైపు రైతు ఒక సాలు. మా నాయన కూడా కలిపాడు. పోయిన వేసవిలో కొలిపించి, మా పక్క అడుగులు వదిలేసి కడీలు పాతాను. పక్క రైతు ఇంకా వదల్లేదు, వదులుతాడు. మనం వదలకుండా గోడాయన్ని వదలమంటే తహసీల్దారు ఆఫీసులో మన ముఖం చూసి నవ్వుతారు.

వచ్చే నెల సమావేశానికి ప్రతి గ్రామ కమిటీ తమ ఊరి నక్షా నకలు తీయించి తేవాలి. సర్వే ల్యాండ్ రికార్డుల ఆఫీసులో దరఖాస్తు పెడితే ఇస్తారు. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. బాటలకు ఎర్ర స్కెచ్‌తో గీతలు గీసి, ఎక్కడ మూశారో అక్కడ చుక్క పెట్టండి. మూసిన తేదీ తెలిస్తే రాయండి. పాత సంగతులు ఊళ్లో ముసలివాళ్లకే తెలుస్తాయి, వాళ్లను కూర్చోబెట్టి అడగండి, చెప్పినవాళ్ల పేరు, వయసు రాసుకోండి.