మతి నిలుపుకొనుటకు మనము చేయదగినది
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మేము వైద్యులము కాము. మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తాగా ఉన్నవారము. అయినను ఈ కష్టము మా ఇంటికే వచ్చినది గనుక నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

మా తండ్రిగారు ఖుర్దా రోడ్డు సెక్షనులో కీమనుగా పనిచేసినారు. ఏండ్ల తరబడి సుత్తి, స్పానరు మోసికొని పట్టాల వెంట మైళ్లకొలది నడచినవారు, రిటైరయిన పిదప మంచము దిగుట మానినారు. మొదట తాళపుచెవి ఎక్కడ పెట్టినదీ మరచినారు. తరువాత బజారు దారి మరచినారు. ఇప్పుడు ఒడియా పలుకరు, తెలుగే మాటాడుదురు. మా పిల్లవానికి తెలుగు రాదు. తాత మంచినీళ్లడిగితే వాడు మా ముఖము చూచేవాడు. ఆ తప్పు మాది.

ఈ జబ్బును డాక్టర్లు డిమెన్షియా అందురు. దీనిని పూర్తిగా నయము చేయు మందు నేటికిని లేదు. కాని కొందరి విషయములో రాకను ఆలస్యము చేయవచ్చునట. ఫిన్లండు దేశములో 60 మొదలు 77 ఏండ్ల వయసుగల 1260 మందిని రెండేండ్లు పరీక్షించి 2015లో ఫలితములు ప్రకటించినారు. వ్యాయామము, మంచి ఆహారము, బుద్ధికి పని, రక్తపుపోటు అదుపు — ఈ నాలుగును కలిసి పాటించినవారి బుద్ధి, సామాన్య సలహాలు మాత్రమే పొందినవారికంటె మెరుగుగా నిలిచినది.

మన హైదరాబాదు నిమ్స్ వైద్యులు 648 మంది రోగులను పరిశీలించి 2013లో మరొక సంగతి వెల్లడించినారు. రెండు భాషలు మాటాడువారికి ఈ జబ్బు సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా మొదలైనది. చదువురానివారిలోను ఆ తేడా కనిపించినది. అంతమాత్రమున భాష కవచమని చెప్పము. మా తండ్రిగారికి రెండును వచ్చును. అయినను పరాయిచోట బ్రతుకు మనకు ఉచితముగా దొరికిన ఈ సాధనను పిల్లలకు ఏల పోగొట్టవలెను?

కావున మా మనవి ఇది: పెద్దలు వారమునకు అయిదు దినములు అరగంట చొప్పున నడువవలెను. బీపీ, షుగరు చూపించుకొనవలెను. ఆదివారము పిల్లలకు కథలు, పొడుపుకథలు తెలుగులో చెప్పవలెను. పిల్లలు వారికి ఒడియా అక్షరములు నేర్పవలెను.

ఇప్పుడు మా వాడు సాయంకాలము తాత చేయి పట్టుకొని నడిపించుచున్నాడు. మొన్న ఆయన "నీళ్లు" అనగానే చెంబు తెచ్చినాడు.

సెలవు.