గుండె, గ్రంథులు, బలద్ ఎండ

శుక్రవారం గదిలో చెప్పుకున్న మాటలివి. డ్యూటీ వల్ల రాలేనివాళ్ల కోసం ఇక్కడ పెడుతున్నాం.

పిడికిలి బిగించి చూడండి. మీ గుండె దాదాపు అంతే ఉంటది. ఊరికే కూర్చున్నా నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం తోస్తది. ఒంట్లో ఉన్న రక్తం కూడా దాదాపు అంతే.

చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. బలద్ సముద్రం పక్కనే ఉంది, గాలిలో తేమ ఎక్కువ. చెమట కారుతుంది గానీ ఆరదు. ఒళ్లు చల్లార్చాలని గుండె రక్తాన్ని చర్మం వైపు పంపుతుంది. అటు చెమటతో నీళ్లు పోయి రక్తమే తగ్గుతుంది. అందుకే మూట మోస్తుంటే గుండె దడదడలాడేది.

అప్పుడు మెదడు కింద బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి, నీళ్లు పోనివ్వకండని మూత్రపిండాలకు కబురు పంపుతుంది. ఆ కబురే హార్మోను. దాన్ని మోసుకెళ్లేది రక్తం. మూత్రం తగ్గి ముదురు పసుపు అయిందంటే ఒంట్లో నీళ్లు చాలట్లేదని అర్థం. దాహం వేసేదాకా ఆగకండి.

షుగర్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. పొట్ట వెనక క్లోమం ఉంటది. అది వదిలే ఇన్సులినే చక్కెరను రక్తం నుంచి కండల్లోకి పంపుతుంది. అది చాలకపోతే చక్కెర రక్తంలోనే ఉండి, మూత్రంలో నీళ్లను లాక్కుని పోతుంది. చెమటలో పోయేది వేరే. దాహానికి కూల్‌డ్రింక్ తాగితే చక్కెర ఇంకా పెరుగుతుంది. మంచినీళ్లే తాగండి. ఊరి నుంచి తెచ్చిన మాత్రలు అయిపోయాయని మానేయకండి, డాక్టర్‌కి చూపించి ఇక్కడే రాయించుకోండి.

ఛాతీ బరువుగా ఉండి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చల్లని చెమటలు పడితే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లకి నొప్పి లేకుండానే ఆయాసం ఒక్కటే రావచ్చు. వెంటనే 997 కి ఫోన్ చేయండి. ఎండలో మనిషి తూలినా, మాట తడబడినా నీడకి చేర్చి, నీళ్లతో తడిపి, విసురుతూ అదే నంబర్‌కి చేయండి.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు నేరుగా ఎండలో పని చేయించకూడదని ఇక్కడి నియమం. అది మీ హక్కు.

చివరి మాట. పాత బలద్ సందుల్లోకి అంబులెన్సు రాలేకపోవచ్చు. మీ గది బాబ్ మక్కాకి దగ్గరా, బాబ్ షరీఫ్‌కి దగ్గరా, అరబ్బీలో ఎలా చెప్పాలో ఈ రోజే నేర్చుకోండి. ఫోన్ చేయగానే ఒకరు రోడ్డు మీదికి పరుగెత్తండి, ఒకరు మనిషి దగ్గరే ఉండండి.