పందెపు బండికి చిన్న ఇంజను

ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పందెములను మనలో చాలమంది చూచియే యుందురు. అక్కడ అన్ని ఎడ్లను ఒకే బండకు కట్టరు. నోరు తెరచి పండ్లు చూతురు. పాలపండ్లవి ఒక తరగతి, రెండు పండ్లవి ఒక తరగతి. నాలుగు, ఆరు పండ్లవి వేరువేరు. లేత ఎడ్లకు తేలిక బండ, ముదురు ఎడ్లకు బరువు బండ. తరగతి కట్టుట పందెము జరుపువారి పని. కాడి ఆ మెడకు సరిపోయినదా లేదా అని చూచుట మాత్రము ఎడ్లను పెంచినవాని పని. నేడు మేము చెప్పబోవునది ఎడ్లను గూర్చి కాదు. అమెరికాలో పిల్లలు పందెములలో నడుపు నాలుగు చక్రముల మోటారు బండిని గూర్చి. అయినను ఈ రెండు పనులకు గల భేదమును శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము.

ఈ బండిని అక్కడివారు క్వాడ్ అందురు. మోటారు సైకిలుపై వలెనే దీనిపై ఇరుప్రక్కల కాళ్లు వేసి కూర్చుండి, హ్యాండిలు పట్టుకొని నడుపుదురు. టైర్లు లావైనవి; మట్టిలో, ఇసుకలో, గుట్టలపై పోవుటకు చేసినవి. తొలుత ఇట్టి బండ్లకు మూడే చక్రములుండెడివి. 1982లో సుజుకి సంస్థ నాలుగు చక్రముల బండిని తెచ్చినది. మూడు చక్రములవి తరచు బోర్లపడుచుండుటచే, 1988లో ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడిక ననుసరించి తయారీదారులు వాటి అమ్మకమును మానిరి. పిల్లల వయస్సును ఇంజను పరిమాణముతో ముడివేసినదియు ఆ ఒడంబడికయే. 12 ఏండ్ల లోపువారికి 70 సి.సి., 16 ఏండ్ల లోపువారికి 90 సి.సి. మించరాదనిరి. 2008 నాటి చట్టము తప్పనిసరి చేసిన ప్రమాణములో ఈ కొలత మారినది. బండి పోగల వేగమును బట్టి వయస్సును నిర్ణయించుచున్నారు. పందెములు జరుపు సంఘములు మాత్రము తమ తరగతులను చాలవరకు సి.సి. సంఖ్యతోనే కట్టుచున్నవి.

సి.సి. యనగా నేమి? సిలిండరులో పిస్టను ఒక కొననుండి మరియొక కొనకు పోవుచు ఆక్రమించు చోటు. హోండా సి.ఆర్.ఎఫ్. 150 ఆర్. అను మోటారు సైకిలులో సిలిండరు వ్యాసము 66 మిల్లీమీటర్లు, పిస్టను నడక 43.7 మిల్లీమీటర్లు, లెక్క కట్టినచో 149 ఘన సెంటీమీటర్లు వచ్చును. ఇది చోటు యొక్క కొలతయే గాని బలము యొక్క కొలత కాదు. పొలము పనికై చేసిన, గాలితో చల్లబడు 250 తరగతి ఇంజను సాధువైన ఎద్దు వంటిది. పందెమునకు చేసిన 250 ఇంజను అట్టిది కాదు. చుట్లు పెరిగినకొలది దాని బలము ఒక్కుమ్మడిగా విజృంభించును.

ఇక చిక్కు ఎచ్చట వచ్చుచున్నది? పదమూడు, పదునాలుగేండ్ల బాలునకు 90 సి.సి. బండి ఇరుకగును, మోకాళ్లు హ్యాండిలుకు తగులును. దాని పైమెట్టుగా దొరకు పందెపు బండ్లు పెక్కు 450 సి.సి.వి. నడుమ మెట్లు తక్కువ. అందుచే కొందరు తండ్రులు పెద్ద చట్రమునుండి ఇంజనును దించి, దాని స్థానమున మోటారు సైకిలు యొక్క 250 ఇంజనును బిగింపజూతురు.

పని చేయదగినదే, కాని సులువైనది కాదు. బోల్టు రంధ్రములు కలియవు గనుక ఉక్కు పలకలు కోసి క్రొత్త పట్టులు అమర్చవలెను. ఇంజను పళ్లచక్రము, ఇరుసు పళ్లచక్రము ఒకే గీతలో నిలువవలెను; కొన్ని మిల్లీమీటర్లు తప్పినను చైను అరిగి ఊడును. చక్రముల లెక్కయు మారును. మోటారు సైకిలు వెనుక చక్రము అడ్డుకొలత సుమారు 26 అంగుళములు, క్వాడ్‌ది 20. ఒక్క చుట్టుకు 82 అంగుళములు పోవలసినది 63 మాత్రమే పోవును. క్వాడ్ బరువు ఎక్కువ గనుక ఈ తగ్గుదల కొంత మేలే; అయినను పండ్ల సంఖ్యను తిరిగి సరిచూడక తప్పదు.

ఇంతయు చక్కగా జరిగినదనుకొందము. అప్పటికి తగ్గినది ఇంజను మాత్రమే. ఆ తరగతి బండి ఇంధనముతో సుమారు 180 కిలోలు తూగును. ఇంజను మార్పుచే తగ్గునది కొలదియే. బాలుడు 40 కిలోలు. పందెపు క్వాడ్ వెనుక ఇరుసు ఒకే కడ్డీ. కారులో వలె మలుపున రెండు చక్రములు వేరువేరు వేగములతో తిరుగవు. కావున నడుపువాడు మొండెమును మలుపు లోపలికి వంచి, వెలుపలి పాదముపై బరువు మోపి బండిని త్రిప్పవలెను. 75 కిలోల పెద్దవాడు చేయు ఈ పని, అందులో సగము బరువున్న బాలునిచే ఎట్లగును? పెద్దవారికై బిగించిన స్ప్రింగులు వాని బరువునకు అణగవు. గతుకున బండి ఎగిరిపడును. బోర్లపడినచో మీద పడునది ఆ 180 కిలోలే.

అందుచే ఇంజను మార్చువారు అంతటితో ఆగరాదు. స్ప్రింగులు తేలికవి వేయవలెను. బాలుని పాదమెట్లపై నిలువబెట్టి, పీటకును కాళ్ల మొదలుకును నడుమ కనీసము 3 అంగుళములు ఎడమున్నదా అని చూడవలెను. హ్యాండిలును పూర్తిగా త్రిప్పినప్పుడు రెండు చేతులకు పట్టు నిలిచియున్నదా? బ్రేకు మీట వ్రేళ్లకు అందుచున్నదా? వేగమును అదుపుచేయు మర బిగింపబడినదా? పడినంతనే ఇంజనును ఆపు త్రాడు ఒంటికి కట్టబడినదా? వీటిలో ఒక్కదానికి కాదను జవాబు వచ్చినను, ఆ బండి ఆ బాలునిది కాదు.

16 ఏండ్ల లోపువారు ఇట్టి బండ్లను ఎక్కనే రాదని అమెరికా శిశువైద్యుల అకాడమీ అభిప్రాయము. దానిని కాదని పందెమునకు పంపు తండ్రిపై బాధ్యత ఇంకను హెచ్చు. అట్టివాడు బాలుడు మరి రెండేండ్లు పెరుగువరకు చిన్న చట్రముతోనే సరిపెట్టుకొనుట పలుమార్లు మేలైన మార్గమని మా తలంపు.

సంఘమువారు ఇంజను సంఖ్య చూచి తరగతి కట్టుదురు. వారి పని అక్కడికి ముగియును. కాడి ఆ మెడకు సరిపోయినదా అని చూడవలసినవాడు ఇంటిలోనే యున్నాడు.