విజ్ఞాన సర్వస్వంలో చోటు ఎవరికి?



పాత మంచం అమ్మాలన్నా, అద్దె ఇల్లు కావాలన్నా మన పెద్దలు దినపత్రికలో వర్గీకృత ప్రకటనల పుట తిరగవేసేవారు. చిన్న అక్షరాలలో నాలుగు పంక్తులు, కింద చిరునామా. ఐర్లాండు దేశంలో నేడు ఆ పని ఎక్కువగా అంతర్జాలంలో జరుగుతున్నది. కార్లు, ట్రాక్టర్లు, పశువులు కొనేవారూ అమ్మేవారూ డన్‌డీల్ అనే వెబ్‌సైటును చూస్తారు. ఇల్లు వెతుక్కొనేవారు డాఫ్ట్ అనే మరొకదానిని చూస్తారు. చదువుకో ఉద్యోగానికో డబ్లిన్ చేరే మన తెలుగువారికీ ఆ పేరు త్వరలోనే పరిచయమవుతుంది.

ఇటువంటి వెబ్‌సైటుకు విజ్ఞాన సర్వస్వంలో ఒక వ్యాసం ఉండదగునా? ఇదీ నేటి మన ప్రశ్న.

"ఇంతమంది వాడుతున్నారు కదా, ఉండవలసిందే" అని మీలో కొందరు అంటారు. "అది వ్యాపారం, దానికి అక్కడ చోటేమిటి?" అని మరికొందరు అంటారు. రెండూ తొందరపాటు సమాధానాలే.

తెలుగులో విజ్ఞాన సర్వస్వ రచనను కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారు తలకెత్తుకొన్నారు. 1923లో వారు కన్నుమూసేనాటికి ఆ మహాకార్యం అసంపూర్ణంగానే మిగిలింది. అచ్చు గ్రంథానికి కాగితం, ఖర్చు, మనిషి ఆయుర్దాయం ఎల్లలు. 2001 జనవరి 15న ఆరంభమైన వికీపీడియాకు కాగితం బెడద లేదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా కూడా మొదలైంది. అక్కడ ఎవరైనా రాయవచ్చు. ఎవరైనా రాయగలిగినచోట తమ దుకాణాన్ని తామే పొగడుకొనేవారు రాకుండా ఉంటారా? అందుకే అక్కడివారు ఒక కొలత ఏర్పరచుకొన్నారు. దానిని తెలుగు వికీపీడియాలో విషయ ప్రాముఖ్యత అంటారు.

ఆ కొలతలో మూడు అంశాలున్నాయి. విషయాన్ని గూర్చి రాసినవారు దానితో లాభసంబంధం లేనివారై ఉండాలి. వారి రాత నమ్మదగినదై ఉండాలి. పేరు ప్రస్తావించి వదిలిపెట్టక, ఆ విషయాన్ని కొంత వివరంగా చర్చించి ఉండాలి. కాకిపిల్ల కాకికి ముద్దు అన్న సామెత మీకు తెలుసు. పెళ్లికొడుకు గుణగణాలను అతని మేనమామను అడిగి ఊరుకోము గదా! ఇరుగుపొరుగును కూడా అడుగుతాము.

ఈ కొలతతో పై రెండింటినీ తూచి చూద్దాము. డన్‌డీల్ 2005లో వెక్స్‌ఫర్డ్‌లో పుట్టింది. తనవద్ద ఎన్ని ప్రకటనలున్నాయో అది స్వయంగా చెప్పుకొంటే, ఆ మాట మేనమామ సాక్ష్యం వంటిది. సంస్థ పంపిన ప్రకటనను పత్రిక ఉన్నదున్నట్లు అచ్చువేసినా అంతే. 2015లో డన్‌డీల్, డాఫ్ట్, అడ్వర్ట్స్ ఒకే సంస్థ కిందికి వచ్చాయి. పత్రికలు ఆ వార్త రాశాయి. కాని అమ్మకాలు, కలయికల వార్తలు ప్రతి సంస్థకూ వస్తూనే ఉంటాయి. వాటికి తూకం తక్కువ. ఒక విలేఖరి స్వయంగా విచారించి, ఆ వెబ్‌సైటు వచ్చాక పల్లెల్లో పశువుల బేరం ఎలా మారిందో రాస్తే, ఆ రాతకు తూకం ఎక్కువ.

డాఫ్ట్‌ను 1997లో ఫాలన్ సోదరులు ప్రారంభించారు. అది వెలువరించే అద్దెల నివేదికలను పత్రికలు ఉదహరిస్తాయి. ఐర్లాండు పార్లమెంటులో సభ్యులు ప్రస్తావిస్తారు. ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. "డాఫ్ట్ లెక్క ప్రకారం అద్దెలు పెరిగాయి" అన్న వాక్యం అద్దెలను గూర్చినది. డాఫ్ట్‌ను గూర్చి అది చెప్పేది స్వల్పం. ఆ లెక్క ప్రకటనలలో అడిగే అద్దెలది. చాలాకాలంగా అదే ఇంట్లో ఉన్నవారు చెల్లించే అద్దె వేరుగా ఉండవచ్చు. ఈ తేడాను ఎత్తిచూపి, ఆ నివేదికకు దేశంలో ఇంత పలుకుబడి ఎలా వచ్చిందో బయటివారు పరిశీలించి రాస్తే, అదే అసలైన ఆధారం. అప్పుడే వ్యాసంలో మెచ్చుకోలుతో పాటు విమర్శకూ చోటు దొరుకుతుంది.

సందేహం వచ్చిన వ్యాసంపై వికీపీడియాలో చర్చ పెడతారు. ఇంగ్లీషు వికీపీడియాలో అది సాధారణంగా ఏడు రోజులు సాగుతుంది. అక్కడ చేతులెత్తించి లెక్కపెట్టరు, వాదాలలోని బలం చూస్తారు. వ్యాసాన్ని ఉంచవచ్చు, తొలగించవచ్చు, లేదా మరొక వ్యాసంలో ఒక భాగంగా కలపవచ్చు. వ్యాసం లేకపోవడం అవమానం కాదు. ఆధారాలు చాలలేదని మాత్రమే దాని అర్థం.

అయితే ఈ తూకంలో మనకు నష్టం ఉన్నది. తరతరాలుగా పశువులు, ధాన్యం అమ్ముడుపోయిన సంత మన పల్లెల జీవితంలో ఏ వెబ్‌సైటుకూ తీసిపోదు. కాని దానిని గూర్చి వివరంగా రాసినవారు లేకపోతే, దాని పక్షాన సాక్ష్యం చెప్పేదెవరు? పత్రికలూ పుస్తకాలూ ఎక్కువగా ఉన్న భాషల విషయాలు సులభంగా లోపలికి వెళతాయి. మనవి గడప దగ్గరే నిలబడతాయి.

అందుకని కొలతను విరగగొట్టమని నేను చెప్పను. కొలత లేకపోతే విజ్ఞాన సర్వస్వం ప్రకటనల పుట అయిపోతుంది. మీ ఊరి సంత ఎప్పుడు మొదలైందో, ఏమేమి అమ్మేవారో పెద్దలను అడగండి. పాత పత్రికలు, పంచాయతీ కాగితాలు వెతకండి. తెలిసినదాన్ని తారీఖులతో రాసి, స్థానిక పత్రికకు పంపండి. సంపాదకులు సరిచూసి అచ్చువేసిన ఆ రాత రేపు మరొకరికి ఆధారం కావచ్చు.