కెమెరా డ్రోను: కంపెనీ మారుటకు ముందు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమున జ్ఞానదీపమును కొండెక్కనీయక కాపాడుకొని వచ్చిన మీ అందరికిని ముందుగా నా అభినందనములు. ఇట్టి సభలలో కావ్యమును గూర్చియో, చరిత్రను గూర్చియో ఉపన్యసించుట వాడుక. కాని కార్యవర్గమువారు నాకొసగిన విషయము వేరు. పెండ్లి ఫొటోల పనిలో నున్న మన యువకులు కొందరు పఠన మందిరమునకు వచ్చి, "ఒక కంపెనీ డ్రోను విడిచి మరియొక కంపెనీ డ్రోను కొనవచ్చునా? కొన్నచో లాభమా, నష్టమా?" అని అడుగుచున్నారట. పాఠకుడు అడిగిన ప్రశ్న చిన్నదని త్రోసిపుచ్చకుండుట గ్రంథాలయ ధర్మము. ఈ ప్రశ్న వెనుక అప్పు పత్రములున్నవి, ఒక సంవత్సరపు సంపాదన యున్నది. కావున దీనిని చిన్నదనుటకు వీలులేదు.

మొదట ఈ పరికరమును గూర్చి రెండు మాటలు. నాలుగు చేతులు, చేతికొక మోటారు, మోటారుకొక ఱెక్క, నడుమ బ్యాటరీ, ముందు భాగమున కెమెరా. డ్రోను గాలికి ఎంత ఊగినను కెమెరా ఊగకుండ పట్టియుంచు అమరికకు గింబల్ అని పేరు. ఉపగ్రహముల సంకేతములను బట్టి తానున్న తావును గుర్తెరిగి అచటనే నిలుచుటకు జి.పి.ఎస్. తోడ్పడును. సెల్ ఫోనుతో నడుపదగిన డ్రోనును ఫ్రాన్సు దేశపు పారట్ కంపెనీ 2010లో అమ్మకమునకు తెచ్చెను. చైనా దేశమున షెన్‌జెన్ నగరములో 2006లో స్థాపింపబడిన డీజేఐ కంపెనీ 2013 జనవరిలో ఫాంటమ్ అను డ్రోనును వెలువరించెను. అంతకు పూర్వము ఆకసము నుండి చిత్రము తీయవలెనన్న హెలికాప్టరు కావలెను, లేదా భాగములు తెచ్చి స్వయముగా కూర్చుకొను నేర్పు కావలెను. నేడు పల్లెటూరి స్టూడియోలో సైతము ఆ సంచి కనబడుచున్నది. చెరువు కట్ట, రథోత్సవము, పెండ్లి ఊరేగింపు పైనుండి చూచు భాగ్యము అందరికిని కలిగినది.

ఇక అసలు విషయము. ఈ బీరువాలలో నున్న పుస్తకములను చూడుడు. ఒకటి మద్రాసులో అచ్చయినది, ఒకటి బెజవాడలో, ఒకటి రాజమహేంద్రవరములో. అచ్చువేసినవారు వేరైనను అన్నియు ఒకే వరుసలో నిలుచును. ఒకే కండ్లజోడుతో చదువవచ్చును. ప్రకాశకుని వ్యాపారము మూతపడినను పుస్తకము మూతపడదు. డ్రోను సంగతి అట్లు కాదు. ఒక కంపెనీ బ్యాటరీ మరియొక కంపెనీ డ్రోనులో ఇమడదు. అంతయేల, డీజేఐ వారు 2016లో తెచ్చిన మావిక్ ప్రో బ్యాటరీ, వారే 2018లో తెచ్చిన మావిక్ 2 డ్రోనునకు పనికిరాదు. రిమోటు, ఛార్జరు, ఫోనులోని యాప్, ఱెక్కలు అన్నియు అంతే. డ్రోను కొన్నవాడు ఒక వస్తువును మాత్రము కొనలేదు. ఒక కంపెనీతో సంబంధము కలుపుకొన్నాడు. సంబంధము కలుపుకొనుటకు ముందు ఏడు తరములు చూడుమని పెద్దలందురు. ఇచట ఏడు తరములు చూచుటకు లేదు గాని, గడచిన పదేండ్ల చరిత్ర చూడవచ్చును. అందులో మూడు కథలు చెప్పెదను.

మొదటిది గోప్రో కథ. చిన్న కెమెరాలకు పేరుపొందిన అమెరికా దేశపు గోప్రో కంపెనీ 2016 సెప్టెంబరులో 'కర్మ' అను డ్రోనును ప్రకటించెను. కెమెరాలో అంత పేరున్నవారు డ్రోనులోను మేటి కాగలరని పలువురు నమ్మిరి. ఆ నెలలోనే డీజేఐ వారు మావిక్ ప్రోను ప్రకటించిరి. కర్మ ఇరువది నిమిషములు ఎగురునని, మావిక్ ఇరువదియేడు నిమిషములు ఎగురునని ఆ కంపెనీలు చెప్పినవి. మావిక్ ముందున్న అడ్డంకిని కనిపెట్టగలదు. కర్మకు ఆ శక్తి లేదు. అక్టోబరులో అమ్మకము మొదలైనది. ఎగురుచుండగా కరెంటు తెగి కొన్ని డ్రోనులు నేలకూలుటచే, నవంబరు 8న కంపెనీ తానమ్మిన సుమారు 2,500 డ్రోనులను వెనుకకు పిలిపించెను. బ్యాటరీని బిగించి పట్టు కొక్కెము సరిగా నిలువకపోవుటయే కారణమని తేలినది. దానిని సరిచేసి 2017 ఫిబ్రవరిలో మరల అమ్మిరి. కాని 2018 జనవరిలో డ్రోనుల వ్యాపారమునే విడిచెదమని ప్రకటించిరి. పిమ్మట 2020 జనవరిలో లోకమంతట కర్మ డ్రోనులు ఉపగ్రహ సంకేతములను గుర్తింపలేక ఎగురుట మానివేసినవి. కంపెనీ సాఫ్టువేరును సరిచేసిన మీదటనే అవి మరల లేచినవి. డ్రోనులో మరలన్నియు బాగుగనే యున్నవి. కాని యజమాని చేతిలో ఏమియు లేదు. ఎచటనో ఉన్నవారు దయతలచువరకు వేచియుండవలసి వచ్చినది.

అయినను ఆ కథలో ఒక మేలు కలదు. కర్మలోని గింబల్‌ను ఊడదీసి పిడికి తగిలించి చేతితో పట్టుకొని వాడుకొనవచ్చును. కెమెరాను విడిగా వాడుకొనవచ్చును. డ్రోను మూలబడినను ఆ రెండును పనికివచ్చినవి. ఒక పరికరము పోయినపుడు దానితోపాటు ఏమేమి పోవును, ఏమేమి మిగులును అని ముందే లెక్కించుకొనవలెననుట ఇందలి నీతి.

రెండవది త్రీ డీ రోబోటిక్స్ కథ. ఇదియు అమెరికాదే. 2015లో సోలో అను డ్రోనును తెచ్చి, పోటీకి నిలువలేక 2016లో డ్రోనుల తయారీ మానుకొనెను. కాని సోలోను నడుపు సాఫ్టువేరులో ముఖ్యభాగము అందరు చదువదగినట్లు, మార్చుకొనదగినట్లు బహిరంగముగా నున్నది. కంపెనీ తప్పుకొనిన పిమ్మట వాడుకరులే ఒకరికొకరు తోడై దానిని దిద్దుకొనుచు కొన్నేండ్లు ఎగురవేసిరి. మూతవేసిన పెట్టెకును, తెరచిన పుస్తకమునకును గల భేదమిదియే. గ్రంథాలయమున చేరినవారికి ఈ మాట వేరుగ వివరింపనక్కరలేదు.

మూడవది స్కైడియో కథ. చైనా డ్రోనులపై అమెరికా ప్రభుత్వమునకు అనుమానములు పెరిగి, 2020 డిసెంబరులో డీజేఐని తమ వాణిజ్య శాఖ ఆంక్షల పట్టికలో చేర్చిరి. ఆ దినములలో కొందరు స్వదేశపు కంపెనీ యని స్కైడియోకు మారిరి. మనిషిని వెంబడించుచు చెట్లనడుమ తనంతట తాను దారి తీసికొనుటలో దాని నేర్పు పేరెన్నిక గన్నది. కాని 2023 ఆగస్టులో ఆ కంపెనీ సామాన్య వాడుకరులకు అమ్ముట మాని, ప్రభుత్వములకును, పరిశ్రమలకును మాత్రమే అమ్మ నిశ్చయించుకొనెను. 2024 అక్టోబరులో చైనా ప్రభుత్వము ఆ కంపెనీపై ఆంక్షలు విధింపగా బ్యాటరీలు దొరకక, డ్రోనుకొక బ్యాటరీ చొప్పుననే పంచవలసి వచ్చినది. చైనాను విడిచితిమని తలచినవారి డ్రోనులోని బ్యాటరీ చైనా నుండియే వచ్చుచుండెను! పైనున్న పేరు మారినంత మాత్రమున లోపలి ఆధారము మారదని ఇంతకంటె స్పష్టముగ చెప్పు నిదర్శనము వేరొకటి కనబడదు.

ఇక మన దేశపు పరిస్థితి. 2021 ఆగస్టు 25న డ్రోను నిబంధనలు వెలువడినవి. బరువును బట్టి తరగతు లేర్పరచిరి. 250 గ్రాములకు మించనిది నానో. అంతకు మించి 2 కిలోల వరకు మైక్రో. కొన్ని డ్రోనులను 249 గ్రాములకు కుదించి తయారుచేయుటలోని రహస్యమిదియే. పెక్కు దేశముల చట్టములు 250 గ్రాముల వద్దనే గీత గీసినవి. నానో నడుపుటకు పైలటు సర్టిఫికెటు అక్కరలేదు. మైక్రోను వినోదమునకు నడుపువానికిని అక్కరలేదు. కాని కూలికి పెండ్లి తీయుట వ్యాపారము కావున, మైక్రో డ్రోనుతో ఆ పని చేయువానికి సర్టిఫికెటు వలయును. డ్రోనును ప్రభుత్వమువద్ద నమోదుచేసి విశిష్ట సంఖ్య పొందవలయును. పటములో ఆకుపచ్చ రంగున్న ప్రాంతములలో 400 అడుగుల ఎత్తువరకు వేరుగ అనుమతి అక్కరలేదు. ఎఱ్ఱ ప్రాంతములలో కేంద్ర ప్రభుత్వపు అనుమతి లేక ఎగురవేయరాదు. కావున 249 గ్రాముల డ్రోను విడిచి బరువైన డ్రోనుకు మారువాడు కంపెనీని మాత్రమే కాదు, తనకు వర్తించు చట్టమును గూడ మార్చుకొనుచున్నాడు.

2022 ఫిబ్రవరి 9న కేంద్ర ప్రభుత్వము విదేశీ డ్రోనుల దిగుమతిని నిషేధించెను. పరిశోధన, రక్షణ, భద్రత అవసరములకు మినహాయింపు కలదు. విడిభాగములపై నిషేధము లేదు. కావున "క్రొత్త విదేశీ డ్రోను, చౌక వెల, బిల్లు మాత్రము లేదు" అని ఎవడైన అన్నచో, ఆ చౌకలో ఏమి దాగియున్నదో యోచింపుడు. బిల్లు లేనివాడు రేపు మరమ్మతునకు ఏ దుకాణము మెట్లెక్కగలడు? స్వదేశపు కంపెనీలు పెరుగుచున్నవి. ముంబయిలో 2007లో స్థాపింపబడిన ఐడియాఫోర్జ్ రక్షణ, సర్వే పనులకు డ్రోనులు చేయుచున్నది. మన హైదరాబాదులోని మారుత్ వ్యవసాయ డ్రోనులకు పేరుపొందినది. చెన్నపట్టణపు గరుడ ఏరోస్పేస్ 2022లో ద్రోణి అను కెమెరా డ్రోనును ప్రకటించెను. స్వదేశీయని గర్వించుట మంచిదే. గర్వముతోపాటు, "బ్యాటరీ ఎచటిది? మోటారు ఎచటిది? మరమ్మతు ఎచట? ఎన్నాళ్లకు తిరిగి యిత్తురు?" అను నాలుగు ప్రశ్నలు గూడ అడుగవలెను. స్కైడియో కథ నేర్పినది ఇదియే.

మారదలచినవారికి కొన్ని సూచనలు చేసెదను.

ఒకటి. కారణమును కాగితముపై వ్రాసికొనుడు. బ్యాటరీలు దొరకుట లేదు, మరమ్మతు చేయువాడు లేడు, చట్టము ఒప్పదు: ఇవి కారణములు. ప్రక్క ఊరి స్టూడియోవాడు క్రొత్తది తెచ్చినాడు: ఇది కారణము కాదు.

రెండు. పూర్తి ఖర్చు లెక్కింపుడు. డ్రోను వెల మాత్రము చూచుట, ఎడ్ల వెల చూచి కాడి, నాగలి, పగ్గముల మాట మరచుట వంటిది. పెండ్లి పనికి ఒక బ్యాటరీ చాలదు, మూడైనను కావలెను. ఛార్జరు, ఱెక్కలు, కెమెరాకు తొడుగు గాజు పలకలు అన్నియు క్రొత్తవే కావలెను. పాతదానిని అమ్మగా వచ్చునది మిక్కిలి తక్కువ.

మూడు. చేతికిని కంటికిని గడువిండు. ఒకే తావున వ్రేలు నొక్కినను రెండు డ్రోనులు ఒకే వేగముతో కదలవు, ఒకే దూరమున ఆగవు. రంగులును వేరు. ఒక కంపెనీ కెమెరాలో పెండ్లికుమార్తె చీర కుంకుమ ఎఱుపుగ కనబడిన, మరియొక దానిలో ఇటుక ఎఱుపుగ కనబడవచ్చును. రెండిటిని ఒకే వీడియోలో కలిపినచో రంగులు దిద్దుటకు రాత్రులు మేల్కొనవలసి వచ్చును. కావున ఆషాఢములోనో, మూఢములోనో, ముహూర్తములు లేని దినములలో మారుడు. పొలములో ఎగురవేసి చేయి కుదిరిన పిమ్మటనే పందిటికి తెండు. మంగళసూత్రధారణ రెండవమారు జరుగదు గదా!

నాలుగు. రిమోటుతో సంబంధము తెగినపుడు డ్రోను బయలుదేరిన చోటికి తిరిగివచ్చు ఏర్పాటు గలదు. ఎంత ఎత్తున తిరిగిరావలెనో ముందుగ మనమే నిర్ణయించి యుంచవలెను. పాత డ్రోనులో పెట్టిన లెక్క క్రొత్త దానికి రాదు. మన ఊరి తాటిచెట్ల కంటెను, సెల్ ఫోను టవరు కంటెను ఎక్కువ ఎత్తు పెట్టినగాని ఎగురవేయకుడు. కరెంటు తీగలున్న సందులలోను, జనుల తలలమీదను ఎగురవేయకుడు. ఱెక్క తగిలి బిడ్డ కన్ను పోయినచో ఏ కంపెనీ డ్రోనైనను ఒక్కటే.

ఐదు. పాతది చెడకుండ నడచుచున్నంతకాలము దానిని పారవేయకుడు. బ్యాటరీని నిండుగ ఛార్జి చేసి నెలల తరబడి మూలనుంచినచో అది ఉబ్బి పాడగును. సగము ఛార్జితో చల్లని చోట నుంచుడు. క్రొత్తదానితో ఒక కాలము గడచువరకు పాతది తోడుండును.

ఆరు. తీసిన చిత్రములను కంపెనీవారి యాప్‌లో మాత్రమే విడిచిపెట్టక, మీ సొంత డిస్కులో రెండు ప్రతులుగ భద్రపరచుడు. డ్రోను నేడుండి రేపు పోవును. ఊరి చెరువు నిండిననాటి చిత్రము, గతించిన పెద్దలు పెండ్లి పందిటిలో కూర్చున్న చిత్రము పోరాదు.

కార్యవర్గమువారికి నాదొక మనవి. ఈ మందిరములో ఒక నోటు పుస్తకము తెరవుడు. మన ప్రాంతమున ఎవరి వద్ద ఏ డ్రోను ఉన్నది, దాని బ్యాటరీ ఎన్నాళ్లు వచ్చినది, ఏ భాగము విరిగినది, మరమ్మతునకు ఎన్ని దినములు పట్టినది అని వాడుకరులే అందులో వ్రాయవలెను. నిబంధనల తాజా ప్రతిని దానితో జతపరుపుడు. అవి మారుచుండును గనుక ఏటేట క్రొత్త ప్రతి చేర్పుడు. అమ్మువాడు తన సరకు గుణములే చెప్పును. వాడినవాడు చెప్పు మాటయే కొనువానికి రక్ష. ఒంటరిగా ఒక్కొక్కడు వేల రూపాయలు పోగొట్టుకొని నేర్చుదానిని, పది మంది కలిసి ఒక పుస్తకము విలువతో నేర్చుకొనవచ్చును. గ్రంథాలయము పుట్టినది అందులకే.