స్ట్రెచ్చరుకు రెండు వైపులా మనమే

(ప్రభుత్వాస్పత్రి కాంట్రాక్టు కార్మికులు, చుట్టుపక్కల దళితవాడల ప్రజలు కలిసి జరిపిన సభలో చేసిన ప్రసంగం)



ఈ సభకి రెండు రకాల మనుషులు వచ్చారు. ఆస్పత్రిలో స్ట్రెచ్చరు తోసేవాళ్ళు ఒక పక్క కూర్చున్నారు. ఆ స్ట్రెచ్చరు మీద పడుకుని వెళ్ళినవాళ్ళూ, వాళ్ళ తాలూకు మనుషులూ ఇంకో పక్క కూర్చున్నారు. ఈ రెండు పక్కల మధ్యా కొంతకాలంగా కోపం ఉంది. దాన్ని కప్పిపుచ్చి, పూలదండలు వేసుకుని, నినాదాలిచ్చి ఇళ్ళకు పోవడానికి మనం ఇక్కడికి రాలేదు. దాని గురించే మాట్లాడుకుందాం.

పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఏమంటున్నారు? "ఆస్పత్రికి పోతే డాక్టరు చెయ్యి పట్టుకోక ముందే వార్డుబాయి చెయ్యి చాపుతున్నాడు. స్ట్రెచ్చరుకు డబ్బులు. ఎక్స్‌రేకి తోసుకుపోతే డబ్బులు. కాన్పయితే ఆడపిల్లకొక రేటు, మగపిల్లాడికొక రేటు. ఆఖరికి మార్చురీ దగ్గర శవాన్ని గుడ్డలో చుట్టి ఇవ్వడానికి కూడా డబ్బులు. వాడు మనోడే, మన కులపోడే, మనోడే మనల్ని పీక్కుతింటున్నాడు" అంటున్నారు.

వార్డుబాయిలు ఏమంటున్నారు? "నెలల తరబడి మా జీతం రాదు. వచ్చినా కాంట్రాక్టరు కోసుకోగా మిగిలిందే మాకు. పీఎఫ్ కోశామంటాడు, కట్టాడో లేదో తెలీదు. సెలవు పెడితే రెండు రోజుల కూలి పోతుంది. పిల్లల ఫీజు ఎవడు కడతాడు?" అంటున్నారు.

రెండూ నిజాలే. ఈ రెండు నిజాలూ ఒకే పేటలోవి. చాలాసార్లు ఒకే ఇంట్లోవి. అన్న స్ట్రెచ్చరు తోస్తాడు, పెద్దమ్మ దాని మీద పడుకుంటుంది. మరి ఆ ఇద్దరి మధ్యా తగాదా పెట్టి లాభం తీస్తున్నవాడెవడు? అది తేల్చుకోవాలి.

ముందు ఈ పని ఎవరిదో చూద్దాం. సర్కారు కాగితాల్లో దీనికి చాలా పేర్లున్నాయి. ఎంఎన్‌ఓ అంటారు, ఎఫ్‌ఎన్‌ఓ అంటారు, ఆయా అంటారు, తోటీ అంటారు, స్వీపరంటారు. ఇప్పుడు కాంట్రాక్టు కాగితాల్లో 'పేషెంట్ కేర్' అని కొత్త పేరు పెట్టారు. పేరు ఏదైనా వరండాలో వినపడే పిలుపు ఒక్కటే: బాయ్! యాభై ఏళ్ళు నిండి, తల నెరిసి, మనవల్ని ఎత్తుకున్న మనిషి కూడా బాయే. ఊళ్ళో కామందు కొడుకు మన తాతని 'ఒరే' అన్నాడు. ఆస్పత్రిలో నిన్నగాక మొన్న చేరిన పిల్ల డాక్టరు మన నాన్నని 'బాయ్' అంటున్నాడు. భాష మారింది, వరస మారలేదు.

ఊళ్ళో చావు కబురు మోసింది ఎవరు? మనం. చచ్చిన గొడ్డును లాగింది ఎవరు? మనం. పాడె ముందు డప్పు కొట్టింది, కాటి దగ్గర గొయ్యి తీసింది ఎవరు? మనం. ఇప్పుడు ఆస్పత్రిలో రక్తం గుడ్డలు ఎత్తేది, మలమూత్రాల పాన్ కడిగేది, మార్చురీకి శవాన్ని తోసేది ఎవరు? మాలలు, మాదిగలు, రెల్లివాళ్ళు, యానాదులు. మంచి ఉద్యోగాల్లో రోస్టరు అమలు చేయమని మనం ఏళ్ళ తరబడి ధర్నాలు చేయాల్సి వచ్చింది. చీపురు దగ్గర, శవం దగ్గర మాత్రం ఏ రోస్టరూ అడక్కుండానే అన్ని ఖాళీలూ మనతోనే నిండుతున్నాయి. కులమంటే పనుల పంపకం మాత్రమే కాదనీ, పనివాళ్ళనే ఒకరి మీద ఒకర్ని మెట్లుగా పేర్చడమనీ బాబాసాహెబ్ 1936లోనే తేల్చి చెప్పారు. ఏ ఆస్పత్రి వరండాలో నిలబడి చూసినా ఆ మెట్లు కనపడతాయి.

ఇది చదువు అక్కర్లేని పని అంటారు. మేము బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాళ్ళం. చదువంటే ఏమిటో మాకూ కాస్త తెలుసు. లారీ గుద్ది నడుం విరిగినవాణ్ణి తెస్తే ఒక్కడు లాగకూడదు. ముగ్గురు నలుగురు కలిసి, ఒకడు మెడ కదలకుండా పట్టుకుని, ఒకే మాట మీద లేపాలి. మెడ ఒరిగితే కాళ్ళూ చేతులూ జీవితాంతం పడిపోవచ్చు. సెలైను సీసా మనిషి కంటే పైన ఉండాలి, మూత్రం సంచి మనిషి కంటే కింద ఉండాలి. ర్యాంపు మీద దిగేటప్పుడు కాళ్ళు ముందుకు, ఎక్కేటప్పుడు తల ముందుకు. ఆక్సిజన్ అయిపోయేలోపు ఐసీయూ చేరాలి. ఇదంతా మన తమ్ముళ్ళకు ఎవరు నేర్పారు? ఏ ట్రైనింగూ ఇవ్వలేదు. ఒకణ్ణి చూసి ఒకడు నేర్చుకున్నాడు. ప్రాణం నిలిపే విద్య ఇది. అదే పని తెల్లకోటు వేసుకున్నవాడు చేస్తే చదువు, మనవాడు చేస్తే చాకిరీ!

ఇక జీతం సంగతి. ఒకప్పుడు ఈ పోస్టులు నాలుగో తరగతి సర్కారు ఉద్యోగాలు. స్కేలు ఉండేది, పింఛను ఉండేది. ఆ ఉద్యోగాలతోనే మన పేటల్లో కొందరి పిల్లలు కాలేజీ గడప తొక్కారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994లో రెండో నంబరు చట్టం తెచ్చి దినకూలీ నియామకాలను నిషేధించారు. 1993 నవంబర్ 25 నాటికి ఐదేళ్ళ సర్వీసు నిండినవాళ్ళను ఖాళీలుంటే పర్మినెంటు చేస్తామని 1994 ఏప్రిల్ 22న 212 జీవో ఇచ్చారు. ఆ తేదీకి ఐదేళ్ళు నిండనివాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకు తలుపే మూసుకుంది. పని ఆగిందా? ఆగలేదు. రోగులు తగ్గారా? తగ్గలేదు. పోస్టు పోయి టెండరు వచ్చింది. మనకూ సర్కారుకూ మధ్య కాంట్రాక్టరు వచ్చి కూర్చున్నాడు.

ఈ టెండరులోని కిటుకు చూడండి. తెలంగాణలో ఆస్పత్రి పారిశుధ్యానికి డబ్బు లెక్కగట్టేది బెడ్డుకింత అని. 2022లో ఆ రేటు బెడ్డుకు నెలకు 5,000 రూపాయల నుంచి 7,500కి పెంచారు. లెక్క బెడ్డుకు, మనిషికి కాదు. అంటే ఎంత తక్కువమందితో ఎక్కువ బెడ్లు తుడిపిస్తే కాంట్రాక్టరుకు అంత మిగులు. ముగ్గురు లేపాల్సిన రోగిని మీ తమ్ముడు ఒక్కడే ఎందుకు లాగుతున్నాడో, స్ట్రెచ్చరు కోసం మీరు అరగంట ఎందుకు నిలబడుతున్నారో ఇప్పుడు అర్థమయిందా? ఆ రెండో మనిషి జీతం, మూడో మనిషి జీతం కాంట్రాక్టరు జేబులో ఉన్నాయి.

ఒకే పనికి ఒకే వేతనం ఇవ్వాలని, తాత్కాలిక ఉద్యోగులకూ అది వర్తిస్తుందని 2016 అక్టోబర్ 26న సుప్రీంకోర్టు పంజాబ్ కేసులో తీర్పిచ్చింది. మనం పోయి అడిగితే ఏమంటారు? "మీరు మా మనుషులు కారు, కాంట్రాక్టరు మనుషులు" అంటారు. పని చేయించుకునేటప్పుడు మనం ఆస్పత్రి మనుషులం, కూలి అడిగేటప్పుడు పరాయివాళ్ళం. వెట్టికి ఇంతకంటే మంచి నిర్వచనం ఉందా?

2020లో కరోనా వచ్చింది. కన్న కొడుకు కూడా తండ్రి శవాన్ని ముట్టుకోని రోజులవి. అప్పుడు ఆ శవాల్ని చుట్టింది ఎవరు? మార్చి 22న చప్పట్లు కొట్టారు. మే 3న హైదరాబాదులో గాంధీ ఆస్పత్రి మీద హెలికాప్టరుతో పూలు చల్లారు. ఆ పూలు ఊడ్చింది కూడా మనమే గదా! అదే ఏడాది జూలైలో అదే ఆస్పత్రిలో ఔట్‌సోర్సింగ్ నర్సులు, నాలుగో తరగతి కార్మికులు జీతాల కోసం పని ఆపి రోడ్డెక్కాల్సి వచ్చింది. పూలు పైనుంచి అడక్కుండా పడ్డాయి. జీతం మాత్రం కింద నిలబడి అరిస్తే గాని కదల్లేదు.

ఇప్పుడు అసలు మాటకి వద్దాం. స్ట్రెచ్చరు దగ్గర చాపే చెయ్యి.

తమ్ముళ్ళారా, మీకు పనిచ్చేటప్పుడు మేస్త్రీ ఏమన్నాడో గుర్తు చేసుకోండి. "జీతం తక్కువే, పైన ఏదో వస్తుందిలే" అన్నాడా లేదా? ఆ పైన వచ్చేది ఎక్కడి నుంచి? మన పెద్దమ్మ చెంగు ముడిలో నుంచి. మిరపకోతకు పోయి తెచ్చుకున్న కూలిలో నుంచి. కాంట్రాక్టరు మీకు ఇవ్వాల్సిన జీతాన్ని రోగుల దగ్గర మీ చేత్తోనే వసూలు చేయిస్తున్నాడు. మీరు వంద తీసుకున్న ప్రతిసారీ వాడికి వంద మిగులుతోంది. పైగా రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే పేపర్లో 'లంచగొండి వార్డుబాయి' అని మీ ఫొటో వేస్తారు. నెలనెలా మీ కూలి కోసుకున్నవాడి ఫొటో వెయ్యరు. ఆకలి నిజమే. కానీ మన ఆకలికి మందు మనకన్నా ఆకలిగా ఉన్నవాడి జేబులో లేదు.

పల్లె పెద్దలారా, మీకూ ఒక మాట. వార్డుబాయిని తిడుతున్నారు, బాగానే ఉంది. మూడు నెలలు కూలి ఇవ్వకపోతే మీరు కామందు చేలో దిగుతారా? వాడు దిగుతున్నాడు. దిగకపోతే మీ రోగి గేటు దగ్గరే చస్తాడు. వాడి జీతం కోసం మీలో ఒక్కరైనా ఎప్పుడైనా సూపరింటెండెంటు గది ముందు నిలబడ్డారా?

అందుకే ఈ సభ ముందు ఒక ఒప్పందం పెడుతున్నాం. రెండు పక్కలవాళ్ళూ ఒప్పుకుంటేనే ఇది నిలుస్తుంది.

కార్మికుల వైపు నుంచి: వచ్చే ఒకటో తేదీ నుంచి స్ట్రెచ్చరు దగ్గర, లేబర్ రూం దగ్గర, మార్చురీ దగ్గర ఎవరి దగ్గరా పైసా తీసుకోం. కులం అడిగి మనవాళ్ళను మాత్రమే వదిలేయడం కాదు. ఏ పేదవాడి దగ్గరా తీసుకోం. 'ఇక్కడ ఎవరికీ డబ్బులివ్వవద్దు' అని మన సంఘం పేరుతోనే బోర్డు కడదాం.

ప్రజల వైపు నుంచి: ఏ నెల జీతం ఆగినా ప్రతి పేట నుంచి పదిమంది ఆస్పత్రికి వస్తారు. ఇప్పుడున్న వేతనాల చట్టం ప్రకారం నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీలోపు ఇవ్వాలి. కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమాని చెల్లించాలి. ఇది 1970 కాంట్రాక్టు లేబర్ చట్టంలో ఉంది. దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కోడ్‌లోనూ ఉంది. కాబట్టి ఎనిమిదో తేదీ పొద్దున అర్జీ కాంట్రాక్టరుకు కాదు, ఆస్పత్రి అధికారికే ఇద్దాం.

సంఘం పని చేసేవాళ్ళు మూడు పనులు చెయ్యాలి. ఒకటి, ప్రతి కార్మికుడికీ నియామక పత్రం, జీతం చీటీ, పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు ఉన్నాయో లేదో ఇల్లిల్లూ తిరిగి రాసుకోండి. పీఎఫ్‌లో యజమాని వాటా యజమానే కట్టాలి. రెండు వాటాలూ కార్మికుడి కూలిలోనే కోస్తుంటే అది దొంగతనం. రెండు, 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆ చెత్త ముట్టుకునే ప్రతి మనిషికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి, గ్లౌజులివ్వాలి, ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష చేయించాలి. కాంట్రాక్టు మనిషికి వర్తించదని ఎవరైనా అంటే నమ్మకండి. మూడు, ఇది ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోండి: వాడిన సూది గుచ్చుకుంటే దాచుకోవద్దు. సబ్బు నీళ్ళతో కడిగి వెంటనే డ్యూటీ డాక్టరు దగ్గరికి పోవాలి. హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందు రెండు గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే పనిచేయదు. 28 రోజులు వాడాలి. ఉద్యోగం పోతుందని భయపడి ఊరుకుంటే ప్రాణం పోతుంది. ప్రమాదం రిజిస్టరులో రాయించండి. రాయకపోతే సంఘానికి చెప్పండి.

కనీస వేతనాల బిల్లును 1946లో లేబర్ మెంబరుగా సభలో పెట్టింది బాబాసాహెబ్ అంబేద్కరే. 1948లో అది చట్టమయింది. ఏప్రిల్ 14న దండ వేసినప్పుడు ఆయన రాజ్యాంగం ఒక్కటే గుర్తు చేసుకుంటున్నాం. కూలి చీటీ మీద కూడా ఆయన చెయ్యి ఉందని మన పిల్లలకు చెప్పాలి.

ఈ ఒప్పందం ఖర్చులేనిది కాదు. కార్మికుడికి వచ్చే నెల నాలుగు రాళ్ళు తగ్గుతాయి. పల్లె మనిషికి ఒక రోజు కూలి పోతుంది. ఎవడో ఒకణ్ణి కాంట్రాక్టరు పనిలో నుంచి తీసేస్తానని బెదిరిస్తాడు. అప్పుడు ఆ ఒక్కడి ఇంటికి బియ్యం ఏ పేట నుంచి పోతాయో ఈ రోజే, ఇక్కడే పేర్లు రాసుకుని లేవాలి. ఆ పని అయ్యేదాకా సభ ముగిసినట్టు కాదు. పుస్తకం బల్ల మీద ఉంది, పెన్నూ ఉంది. పెద్దలు ముందుగా రండి.

జై భీమ్.